నలభై ఇళ్ళ పురుడు

రీలింగ్ మిషన్ ముందు ముప్ఫై ఏళ్ళు నిలబడ్డదాన్ని నేను. తెగిన దారాన్ని కళ్ళు మూసుకుని ముడేస్తాను. అలాంటిది ఆ వారమంతా వేసిన ముడి వేసినట్టే జారిపోతూ వచ్చింది. మేస్త్రీ రెండుసార్లు గమనించి, "ఏం అంజలమ్మక్కా, కూతురికి నిచ్చయం అంటే పెండ్లికూతురు నీవా?" అని ఎగతాళి చేశాడు. మామూలు రోజయితే వాడిని వదిలేదాన్ని కాదు. నా నోటి సంగతి కోయంబత్తూరులో సగం మిల్లులకు తెలుసు. ఆ రోజు మాత్రం తల వంచుకుని జారిన ముడి మళ్ళీ వేసుకున్నాను.

అది అరవై రెండో సంవత్సరం. మా జోతిమణికి మదురై సంబంధం కుదిరింది. పిల్లవాడు కృష్ణరాజ్, అక్కడి మిల్లులో ఫిట్టరు. అంతకు ముందేడు కొత్త మిషన్లు బిగించడానికి మా మిల్లుకు వచ్చి నాలుగు నెలలున్నాడు. మిల్లు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే జోతిని ఎక్కడ చూశాడో, ఎన్నిసార్లు చూశాడో నేను అడగలేదు. పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు వినబడగానే పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తే పిల్లను ఇంకా ఏం అడగాలి? వాళ్ళూ మనవాళ్ళే, ఇంట్లో తెలుగే, ఇంటిపేరు వేరు. పిల్లవాడి తండ్రి గోవిందరాజ్ మర్యాదగా వచ్చి పిల్లను అడిగాడు, నేను సరేనన్నాను. నా పెనిమిటి తిరుమలసామి పోయి అప్పటికి ఆరేళ్ళు. సలహా అడగడానికి కారమడైలో ఉన్న మా బావగారు తప్ప నాకెవరూ లేరు.

అంతా కుదిరాక గోవిందరాజ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నిచ్చయం రోజు తాంబూలం తట్ట మార్చుకునే ముందు రెండు వైపుల పెద్దలూ తమ వంశాన్ని ఏడు తరాలు చెప్పాలట. మదురై అవతల కంబంలో ఉండే ఆయన మేనత్త రక్కమ్మాళ్, ఎనభై ఏళ్ళ మనిషి, ఆ వరస వినకుండా తట్ట ముట్టనివ్వదట. ఇది మావాళ్ళలో పాత ఆచారమే. మిల్లులకు వచ్చాక చాలామంది వదిలేశారు. మిల్లు రిజిస్టరులో మనిషి పేరు ముందు తండ్రి పేరులోని ఒక్క అక్షరం ఉంటే చాలు, అంతకు వెనక ఎవరున్నారో టైమ్ ఆఫీసుకు అక్కర్లేదు. పోను పోను మాకూ అక్కర్లేకుండా పోయింది.

"ఏడు తరమా! రేషన్ కార్డులో కూడా అంతమంది ఉండరు అమ్మా," అని జోతి పకపకా నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఎందుకో ఇప్పుడే చెప్పేస్తాను, దాచి దాచి నాకే విసుగెత్తింది. జోతి నేను కన్న పిల్ల కాదు.

ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. నేను, నా పెనిమిటి, మదురైలో ఒక మంత్రసాని. వాళ్ళిద్దరూ పోయారు. పెళ్ళయి పదకొండేళ్ళయినా నాకు కడుపు పండలేదు. నలభైలో ఆయనకు మదురై మిల్లులో పని దొరికితే అక్కడ రెండేళ్ళున్నాం. నా పక్క మిషన్ మీద పొన్ను అనే పిల్ల పనిచేసేది. ఇరవై ఏళ్ళుంటాయేమో, నిండు చూలాలు. మొగుడు సిలోన్ తోటలకు పోయి జాడ లేడు. మా మాటే మాట్లాడేది, యాస కాస్త వేరు. ఏ ఇంటివాళ్ళని గానీ, ఏ కులమని గానీ నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం. చెబితే ఇద్దరం ఒకే చెంబుతో నీళ్ళు తాగడం మానుకోవాల్సి వస్తుందేమోనని ఇంకో భయం. కాన్పయిన రాత్రే దానికి జ్వరం పట్టుకుంది. మర్నాడు నన్ను పిలిపించి, "అక్కా, దీన్ని నీవు ఎత్తుకో," అంది. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ సాయంత్రమే బిడ్డను ఎత్తుకుని మమ్మల్ని ఎరగని వీధికి ఇల్లు మారిపోయాం. ఆ తర్వాతి రోజు పొన్ను పోయింది. నా పెనిమిటి కారమడైకి కార్డు రాశాడు, ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం అని.

ఇప్పుడు ఏడు తరాలు తవ్వుతామంటున్నారు. మొదటి తరం దగ్గరే పార రాయికి తగులుతుందని నాకు తెలుసు. పగలంతా అదే గుబులు.

నిచ్చయానికి నాలుగు రోజుల ముందు కారమడై వెళ్ళాను. బావగారు కోదండరామన్ తోటలో అరటి గెలలు దింపిస్తున్నారు. నన్ను చూసి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నారు.

"రా అమ్మణ్ణీ. ఏంటికి మొగం అట్ల వాడిపోయిండాది? కల్యాణం నీకా, పిల్లకా?"

ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ ఆ వారం ఊరంతా అదే పాట.

"బావా, వాండ్లు ఏడు తరం అడుగుతా వుండారు. మీకు ఆ పేర్లన్నీ నెప్పుండాయా?"

"నెప్పు లేకుండా ఎట్ల? మా నాయన దినమూ చెప్పి చెప్పి నా చెవులు తూట్లు పొడిచినాడు," అంటూ వేళ్ళ కణుపుల మీద లెక్క మొదలుపెట్టారు. "జోతి ఒకటి. మా తమ్ముడు తిరుమలసామి రెండు. మా నాయన రామచంద్రన్ మూడు. తాత వేంకటసామి నాలుగు. ముత్తాత గురువప్ప అయిదు. ఆరు... ఆరు..." బొటనవేలు ఆ కణుపు మీదే ఆగిపోయింది. "సరి, విడు. ఆరూ ఏడూ ఆ రంగనాథసామికే తెలుసు. ఆ అవ్వకి మాత్రం ఏం తెలుస్తుంది?"

నాకు కాస్త ఊపిరి ఆడింది. ఆయన తప్పు చెప్పినా పట్టుకునేవాళ్ళు ఉండరు. పోనీలే అనుకుని మజ్జిగ గ్లాసు అందుకున్నాను. అప్పుడు ఆయన తనంతట తనే కదిలించారు.

"మా నాయన ఉండంగ ఇవన్నీ ఒక పద్ధతిగా నడిచినాయి అమ్మణ్ణీ. ఎక్కడెక్కడో చెదిరిపోయిన పంగాళి ఇండ్లు నలభై. మా తాత తమ్ముడు కరుప్పన్ మదురైకి ఆ పక్క ఎక్కడో ఇల్లరికం పోయినాడే, ఆ ఇంటికి కూడా కార్డు పోయేది. నాయన పోయినాక నేను నిలిపేస్తిని. ఎవురు రాస్తారు నలభై కార్డులు! జోతి పుట్టినప్పుడు నీవు చూడాల. పదకొండేండ్లకి కోడలు కనింది అని, ఒకొక కార్డు మూలకీ పసుపు పూసి నాతోనే రాయించినాడు. నలభై ఇండ్లూ పది దినం పురుడు పట్టినాయి."

పంగాళి అంటే దాయాది. ఒకే మూలపురుషుడి నుంచి మగవాళ్ళ వరసలో దిగివచ్చిన ఇళ్ళు. అందులో ఒక ఇంట్లో బిడ్డ పుడితే అన్ని ఇళ్ళకూ పది రోజులు పురుటి మైల. దేవుడి దీపం వెలిగించరు, కోవెల గడప తొక్కరు, శుభకార్యం తలపెట్టరు. ఎక్కడో మదురైలో ఎవరికో పుట్టిన పిల్లకు నలభై ఇళ్ళు దీపాలు ఆర్పుకుని కూర్చున్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ సంగతి నాకు తెలియదు. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని అబద్ధం చెప్పి గ్లాసు కింద పెట్టాను. మా తోడికోడలు నొచ్చుకుంది.

ఆదివారం వాళ్ళు వచ్చారు. మిల్లు లైనులో ఇళ్ళన్నీ ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి, కాబట్టి లైనంతా మా గుమ్మంలోనే ఉంది. గోవిందరాజ్, ఆయన భార్య, కొత్త చొక్కాలో చెమటలు కక్కుతూ కృష్ణరాజ్, చివరగా రిక్షాలో రక్కమ్మాళ్. ఎండిన బెండకాయలా ఉంది ఆవిడ. చిన్నప్పుడే మొగుడు పోతే పుట్టింటికి తిరిగివచ్చి, అన్న ఇంటిని, అన్న పిల్లలను, ఆ పిల్లల పిల్లలను కనిపెట్టుకుని ఉండిపోయిందట. చాప మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. జోతి వచ్చి కాళ్ళకు దండం పెడితే గడ్డం పట్టుకుని తలెత్తి చూసింది.

"పిల్ల బాగుండాది. నోట్లో పండ్లన్నీ ఉండాయా?" అంది. అందరూ నవ్వారు. కృష్ణరాజ్ కూడా నవ్వాడు. మొదటిసారి వాడి మొహం సరిగ్గా చూశాను, మంచి మొహం.

తట్ట మధ్యలో పెట్టారు. ఆచారం ప్రకారం పిల్లవైపు వాళ్ళు ముందు చెప్పాలి. బావగారు గొంతు సవరించుకుని, బడిపిల్లవాడు పద్యం అప్పగించినట్టు మొదలుపెట్టారు. జోతిమణి, తిరుమలసామి, రామచంద్రన్, వేంకటసామి, గురువప్ప. నేను చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆయన ఆరో కణుపు దగ్గర ఏం కల్పిస్తారా అని చూస్తున్నాను. ఆ అవసరం రాలేదు. రక్కమ్మాళ్ చెయ్యెత్తింది.

"నిల్లు. గురువప్పకి కొడుకులు ఎంతమంది?"

"ఇద్దరు, అవ్వా."

"రెండోవాడు?"

"కరుప్పన్. ఇల్లరికం పోయినాడు. ఆ ఊరి పేరు ఇప్పుడు నాకు నెప్పు లేదు."

"నాకు తెలుసు," అంది రక్కమ్మాళ్. "నేను ఆయన కూతురిని."

గోవిందరాజ్ ఉలిక్కిపడ్డాడు. "ఏం అత్తా ఇది? మన ఇంటిపేరు వేరే కదా?"

"అది మా అమ్మ వాండ్ల ఇంటిపేరు రా. ఇల్లరికం వచ్చినాయనని ఊరు అట్ల పిలిచింది, మీరూ అట్లే ఉండిపోయినారు. మా నాయన పుట్టింది కారమడై. నీకు ఏం తెలుసు? నీకు ఆరేండ్లకే మీ నాయన తంగవేలు పోయె, నీవు మీసం రాకముందే మిల్లుకి పోతివి."

బావగారు కాస్త తేరుకుని, "కరుప్పన్ అనే పేరు ఊరికి పదిమందికి ఉంటుంది అవ్వా, మా కరుప్పనే అని ఎట్ల?" అన్నారు. నా ప్రాణమంతా ఆ మాటను పట్టుకుని వేలాడింది.

రక్కమ్మాళ్ జోతి వైపు తిరిగి ముద్దుగానే అడిగింది. "కన్ను, నీవు పుట్టింది ఎప్పుడు?"

"నలభై ఒకటి అవ్వా. ఆడి నెల."

"ఆమా, ఆడి నెలే. కారమడై నుంచి పసుపు పూసిన కార్డు వచ్చింది. ఆ దినం వీడికి చెవులు కుట్టాల, మూడో ఏడు. కంసాలి వచ్చి తిన్నె మీద కూచోనుండాడు. నేనే వెనక్కి పంపిస్తిని. పురుడు వచ్చింది, పది దినం పోయినాక రా అని. కొడుకు చెవులు కుట్టేది నిలిచిపోయింది అని నీ పెండ్లాం ఏడ్చింది గోవిందా, నెప్పుండాదా?"

గోవిందరాజ్ తలూపాడు. అప్పుడు తను మదురైలో ఉన్నానని, కంసాలిని తిప్పి పంపిన సంగతి ఇంట్లోవాళ్ళు చెప్పారని, ఎవరి పురుడో తను అడగలేదని గొణిగాడు.

"ఈ పిల్లకి మా ఇంట్లో పురుడు పట్టినాము," అంది ముసలావిడ. గొంతులో కోపం లేదు. "పురుడు పట్టిన ఇంటికి ఆ పిల్ల కోడలుగా రాకూడదు. వీండ్లు అన్నాచెల్లెండ్లు. తట్ట ఎత్తండి."

ఒక్క మాట నా నాలుక చివర నిలబడింది. నేను కనలేదు, ఆ పురుడు ఉత్తదే, అని. ఆ ఒక్క మాట అంటే చాలు. జోతి నా వైపే చూస్తోంది, అమ్మ ఏదో ఒకటి చెప్పి వాళ్ళ నోళ్ళు మూయిస్తుందనే నమ్మకంతో. నా నోరు అలాంటిదని దానికి తెలుసు. ఆ చూపుకే నా నోరు పడిపోయింది. దాన్ని కనలేదని దాని కళ్ళలోకి చూస్తూ ఎలా చెప్పను? బావగారు తట్ట ఎత్తి గోడ పక్కన పెట్టారు.

రక్కమ్మాళ్ చెడ్డ మనిషి కాదు. పిల్లల మనసు ఇప్పుడే మళ్ళించాలి అనుకుందేమో. "కన్ను, అన్నకి నీళ్ళు ఇయ్యి," అంది.

జోతి గ్లాసు తెచ్చి కృష్ణరాజ్ ముందు పెట్టింది.

"పిలిచి చేతికియ్యి."

"తీసుకో అన్నా," అంది జోతి.

వాడు గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు, కింద పెట్టలేదు. వాళ్ళు లేచేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

వాళ్ళు పోయాక బావగారూ ఎక్కువసేపు ఉండలేదు. "మంచిదే అయ్యింది అమ్మణ్ణీ, తాళి కట్టినాక తెలిసి ఉంటే కొంప మునిగేది," అని నన్ను ఓదార్చి బస్సుకు వెళ్ళిపోయారు. లైను ఆడవాళ్ళు తలా ఒక మాట అని పోయారు. వండిన అన్నం, పాయసం అలాగే ఉన్నాయి. జోతి పట్టుచీర మడిచి పెట్టెలో పెట్టింది, పాతచీర కట్టుకుని గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఏడ్చినా బాగుండేది. కాసేపటికి తల తిప్పకుండానే అడిగింది.

"అమ్మా, అన్న రాసిన కాయితాలని పొయ్యిలో వేయొచ్చునా, పాపమా?"

ఏం చెప్పను? చెబితే పెళ్ళి నిలుస్తుందేమో, కానీ పిల్ల నాది కాకుండా పోతుంది. చెప్పకపోతే నా కూతురుగానే ఉంటుంది, జన్మంతా ఇలా తల తిప్పకుండా గిన్నెలు తోముకుంటూ. ఆ వారమంతా నేను భయపడింది నా పరువు గురించి అనుకున్నాను. కాదు. అది నన్ను అమ్మా అని పిలవడం మానేస్తుందేమోనని భయపడ్డాను. అంత స్వార్థం నాలో ఉందని ఆ గిన్నెల చప్పుడు వింటుంటే తెలిసింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను.

మదురై బండి రెండున్నరకు. నేను స్టేషన్ చేరేసరికి ఇంకా ఇరవై నిమిషాలుంది. గోవిందరాజ్ దంపతులు బెంచీ మీద, కృష్ణరాజ్ దూరంగా ప్లాట్‌ఫారం చివర ఒంటరిగా. రక్కమ్మాళ్ మూట ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆవిడ పక్కన కూలబడి, ఊపిరి తిరగకముందే చెప్పేశాను. చెప్పకుండా ఒక్క క్షణం ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

"అవ్వా, జోతిని నేను కనలేదు."

ఆవిడ చెవి నా వైపు తిప్పింది. మొత్తం చెప్పాను. పొన్ను, జ్వరం, ఇల్లు మారడం, కార్డు. ఆవిడ ఆనుకున్న మూట వదిలి నిటారుగా కూర్చుంది.

"అప్పుడు మేము ఎవురికి పురుడు పట్టింది?"

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"పది దినం సామికి దీపం పెట్టలేదు," అంది. ఈసారి గొంతులో కోపం ఉంది. "కంసాలిని పంపిస్తిని. ఎవురిదో బిడ్డకి నలభై ఇండ్లని కూచోబెట్టినావు. నీకు సిగ్గు లేదా?"

"ఉండాది అవ్వా. దినమూ ఉండాది."

"ఆ పొన్ను ఎవురు? ఏ ఇల్లు?"

"తెలియదు. మన మాటే మాట్లాడేది. అంతకు మించి నేను అడగలేదు, అది చెప్పలేదు."

ఇంకో మనిషయితే అక్కడే చీదరించుకుని లేచిపోయేది. రక్కమ్మాళ్ ప్లాట్‌ఫారం చివరకు చూసింది. వాడు అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆవిడ చేతుల్లో పెరిగిన పిల్లవాడు, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

"నాకు తెలిసినదానికే నేను అడ్డం చెప్తాను," అంది. "తెలియనిదానికి చెప్పేదానికి నేను ఎవురు? ఆ పిల్ల మా వంశం కాదు అంటే మాకు అడ్డం లేదు. ఇంక ఆ తల్లి ఏ ఇల్లో, సామికి తెలుసు, ఆయనే చూసుకోనీ. కానీ దొంగతనంగా నేను తట్ట పట్టను. గోవిందుడికి నేను చెప్తాను. మీ బావకి నీవు చెప్పాల. వాండ్లందరికంటే ముందు ఆ పిల్లకి చెప్పాల, ఈ పొద్దే. పిల్లే కార్డు రాయాల నాకు, రమ్మని. నీవు రాస్తే నేను నమ్మను."

బండి వచ్చింది. నేను కృష్ణరాజ్‌ను పలకరించలేదు. ఇంకా ఆ అధికారం నాకు రాలేదు.

ఇంటికి తిరిగివచ్చేటప్పుడు ఎన్ని రకాలుగా మొదలుపెట్టాలనుకున్నానో లెక్కలేదు. ఇల్లు చేరాక ఒక్కటీ పనికిరాలేదు. జోతి ఉత్తరాల కట్ట ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. తలుపు వేసి, ఎదురుగా కూర్చుని, అవ్వకు చెప్పినట్టే చెప్పాను. తలుపు వేసినా అవతలి గోడకు చెవులున్నాయని నాకు తెలుసు, అందుకే గొంతు తగ్గించాను. జోతి ఉత్తరాల కట్టను నిమురుతూ వింది. ఆఖర్న, నీ పెళ్ళికి ఇక అడ్డం లేదు, నీవే కార్డు రాయాలంట, అన్నాను. ఆ మాటకైనా మొహం వెలుగుతుందని ఆశపడ్డాను.

"ఆమె పేరేమి అన్నావు?"

"పొన్ను."

"ఎట్లుండేది?"

"నల్లగా, పొడుగ్గా. నీ మాదిరే. అన్నంలో చింతకాయ పచ్చడి లేకుంటే ముద్ద మింగేది కాదు."

జోతి తలూపింది. "పోయినప్పుడు మైల ఎవురు పట్టినారు?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. "ఎవురూ లేదు కన్ను. మొగుడు జాడ లేడు. మిల్లువాండ్లు నలుగురు చేరి ఎత్తినారు."

"నీవు?"

ఎవరికీ చెప్పనిది, నా పెనిమిటితో కూడా మళ్ళీ ఎత్తనిది అదే. పొన్ను పోయిందని కబురు వచ్చేసరికి కొత్త వీధి ఆడవాళ్ళు నన్ను బాలింతనుకుని చుట్టూ కూర్చుని ఉన్నారు. బాలింత గడప దాటకూడదు, చావు ఇంటికి అసలే పోకూడదు. నేను దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాను. వాళ్ళు వెల్లుల్లి, బాలింతకు పెట్టే కాయం మందు ముద్దలు చేసి నోటికందిస్తున్నారు.

"నేను కాయం తింటా వుంటిని," అన్నాను. "దాన్ని ఎత్తుకుపోతా వుంటే, నేను పడుకొని కాయం తింటిని."

నాకు ఏడుపు ఆగలేదు. జోతి ఓదార్చలేదు. ఉత్తరాలు పక్కన పెట్టి లేచింది. నుదుటి బొట్టు మోచేతితో తుడిచేసుకుంది, గాజులు తీసి గూట్లో పెట్టింది. మా లైనులో ఒకతని తండ్రి బర్మాలో పోయిన కబురు మూడేళ్ళకు వచ్చింది, వచ్చిన రోజు నుంచే వాళ్ళు పది రోజులు మైల పట్టారు. కన్నవాళ్ళు పోయిన కబురు ఎన్నేళ్ళకు తెలిసినా అంతే. అది జోతికీ తెలుసు. పెరట్లోకి పోయి తల మీద నీళ్ళు గుమ్మరించుకుని, తడిచీరతోనే వచ్చి మూలన నేల మీద కూర్చుంది.

"అవ్వకి కార్డు రాస్తాను," అంది. "ఇంట్లో మైల ఉండాది, పది దినం పోయినాక తట్ట తీసుకొని రండి అని."

వస్తారు, పెళ్ళి జరుగుతుంది. నేను కోరుకున్నది అదే. తల తుడుద్దామని తువాలు పట్టుకుని దగ్గరకు వెళ్ళాను.

జోతి చెయ్యి అడ్డం పెట్టింది. "తాకొద్దు. నాకు మైల. నీకు లేదు."

కసిగా అనలేదు. ఉన్న మాట అన్నట్టే అంది. పంచుకోవడానికి మా ఇద్దరి మధ్య ఒక చావు కూడా లేదని అప్పుడు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది నాకు, దాని మీద కాదు, నా మీదే. "నాకు లేదని ఎవురు చెప్పింది నీకు?" అని అరిచాను. తువాలు విసిరేసి, చెంబు తీసుకుని, తలుపు తీసి వీధి కుళాయి దగ్గరకు నడిచాను.

నాలుగు గంటల వేళ. నీళ్ళు వదిలే సమయం, లైను ఆడవాళ్ళంతా బిందెలతో అక్కడే ఉన్నారు. బిందెలను పక్కకు నెట్టి, చెంబు నింపి, జుట్టు విరబోసుకుని కట్టుచీరతోనే తల మీద పోసుకున్నాను. పక్కింటి సెల్లమ్మాళ్ కంగారుగా బిందె దించింది.

"అయ్యో, ఎవురక్కా పోయింది?"

"మా జోతి వాళ్ళమ్మ," అన్నాను.

కుళాయి దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నేను ఇంకో చెంబు పోసుకున్నాను.